ఎవరూ ఎక్కని కారు

3 సెప్టెంబరు 1985, మంగళవారం

కారు యాంటెన్నా లేచి ఉంది.

మొదట చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. పెరట్లో కాళ్లు కడుక్కుని వస్తూ అలవాటుగా షెడ్డు వైపు చూశాను. నాన్నగారి కారు వెనక కుడిపక్క మూరెడు పొడుగున తళతళలాడుతూ నిలబడి ఉంది. రెండు మెట్లెక్కాక గాని బుర్రకి తట్టలేదు. ఆ యాంటెన్నా చేత్తో లాగితే వచ్చేది కాదు. దానికి మోటారు ఉంది. తాళం తిప్పి రేడియో పెడితే జుయ్యిమని దానంతటదే లేస్తుంది, రేడియో ఆపితే దిగిపోతుంది. పెనుగొండ మొత్తానికి అలాంటిది ఇదొక్కటే. నాన్నగారు మద్రాసు వెళ్లి ఈ పాత జపాను కారు కొనుక్కొచ్చిన కొత్తలో, యాంటెన్నా లేవడం చూడ్డానికే జనం మా దొడ్లోకి వచ్చేవారు. కొట్లో ఇత్తడి బిందెలు కొనడానికి వచ్చినవాళ్లని కూడా ఆయన ఇంటికి లాక్కొచ్చి చూపించేవారు.

ఆయన పోయి నాలుగు నెలలు. తాళంచెవి దేవుడి గదిలో మేకుకి ఉంది, అది నేను తప్ప ఎవరూ ముట్టరు. రెండోది ఆయనతోనే పోయింది, ఎక్కడ పడిపోయిందో. బ్యాటరీ పడిపోకుండా ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి కాసేపు ఉంచుతాను. అదీ తలుపు తీసి బయట నిలబడే. ఆ సీట్లో కూర్చోవడం ఇంకా నావల్ల కాదు. రేడియో జోలికి పోయిందే లేదు.

మరి ఎలా లేచింది?

4, బుధవారం

పొద్దున చూస్తే దిగి ఉంది. నిన్న నేనే సరిగ్గా చూడలేదేమో. ఎవరికీ చెప్పలేదు.

6, శుక్రవారం

ఇవాళ కళ్లారా చూశాను. అక్షరాలు నావిలా లేవు.

తలనొప్పిగా ఉంటే కొట్టు గుమాస్తాకి అప్పగించి మధ్యాహ్నం ఇంటికొచ్చి మేడ మీద పడుకున్నాను. రెండుంబావు అయి ఉంటుంది. కింద జుయ్యిమంది. ఆ చప్పుడు నాకు తెలియకపోవడం ఏంటి, ఆరేళ్లు విన్నాను. కిటికీలోంచి చూస్తే షెడ్డు అరగోడ మీదుగా యాంటెన్నా పైకి వస్తోంది. జానెడు, మూరెడు, ఇంకా. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఎండ మండిపోతోంది. పరిగెత్తి వెళ్లి చూడాల్సింది. కిటికీ వదల్లేదు. "నాన్నగారూ!" అని అరిచానట. అరిచినట్టు నాకు జ్ఞాపకం లేదు, మా ఆవిడ సత్యకుమారి చెప్పింది.

తను పరుగున మెట్లెక్కి వచ్చేసరికి యాంటెన్నా దిగిపోయింది.

"ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగి పడుకోండి" అంది.

సత్యకేం, నమ్మదు. మహాలక్ష్మత్త నమ్మింది. నాన్నగారికి అక్క, ఆయన పోయినప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. విన్నంతసేపూ గుండెల మీద చెయ్యి తియ్యలేదు.

"వాడికి కారంటే పంచప్రాణాలురా చంద్రం. వదల్లేక తిరుగుతున్నాడు. శుక్రవారం పూట చెప్పావు, మంచిదైంది. పసుపు కలుపుతానుండు."

నేనే కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి రేడియో పెట్టాను. యాంటెన్నా లేచింది. అత్త దానికి మొదలు నుంచి చివర దాకా దట్టంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మొదట్లో నిమ్మకాయ కట్టింది. కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో గొణిగింది. నేను కూడా దణ్ణం పెట్టాను. రేడియో ఆపితే పసుపుతో సహా లోపలికి దిగిపోయింది.

ఒకటి గమనించాను. నాన్నగారు రేడియో పెడితే వీధి చివర అరుగు మీద వాళ్లకి వినబడేది. ఇవాళ చెవి దగ్గర పెడితే గాని వినబడలేదు. అదీ నీరసపడినట్టుంది.

షెడ్డు పక్కనే అమ్మ ఉన్న మూలగది. ఇంత హడావిడి జరిగినా అమ్మ తలుపు తెరవలేదు. తెరవకూడదు కూడా. మా ఇళ్లల్లో భర్త పోయిన మనిషి మూల కూర్చోవాలి. పగలు గది దాటి రాకూడదు, నలుగురి కంటా పడకూడదు, పాటలూ వేడుకలూ వినకూడదు. ఈ రోజుల్లో చాలామంది నెలా రెండు నెలలతో సరిపెడుతున్నారు. మేము ఏడాది అనుకున్నాం. అత్త పట్టుపట్టింది, అమ్మ కూడా సరేనంది. బజారులో అందరూ మా ఇంటి నిష్ఠని మెచ్చుకుంటున్నారు.

8, ఆదివారం

ఒక మంచి సంగతి. అమ్మ ఈ నెల రోజుల నుంచి కాస్త తేరుకుంది. మూడుగంటలకి తనే పిలిచి కాఫీ అడుగుతోందట. రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. అత్త పొద్దున్నే తలుపవతల కూర్చుని భాగవతం చదువుతోంది కదా, దాని మహిమే.

10, మంగళవారం

మళ్లీ. కొట్లో ఉండగా సత్య కబురు పెట్టలేదు, అత్త పెట్టింది. వెళ్లేసరికి యాంటెన్నా సగంలో ఆగి ఉంది. నిమ్మకాయ ఊడి కింద పడింది. లోపల మోటారు గరగరమని ఏడ్చినట్టు ఏడ్చిందట, అత్త తన చెవులారా విందట.

కారు తలుపులు వేసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

తణుకులో సత్తిరాజుకి కబురు చేశాను. ఇది దెయ్యమో వైరింగో తేలిపోవాలి.

12, గురువారం

సత్తిరాజు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా కార్ల వైరింగు పని చేస్తున్నవాడు, నాన్నగారి హయాం నుంచీ ఈ కారు అతని చేతిలోదే. అరగంట సేపు డిక్కీలో తల దూర్చి పనిచేసి బయటికొచ్చాడు. వేళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఇదేంటండీ బాబూ, యాంటెన్నాకి పేరంటం చేశారా?"

గుడ్డ అందించాను.

"ఇది గొట్టంలో గొట్టం దూరే సరుకండి. మధ్యలో వెంట్రుక పట్టదు. మీరు పసుపు పట్టించారు, ఎండి గచ్చైపోయింది. మోటారు నెడుతోంది, ఇది కదలట్లేదు. ఆ ఏడుపు అదేనండి."

కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క గొట్టమే తుడుచుకుంటూ వచ్చాడు.

"అది సరే. దానంతటది ఎందుకు లేస్తోంది? షార్ట్ సర్క్యూటా?"

చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి అన్నిచోట్లా ఆనించి చూశాడు. తాళం తీసి ఉంటే బల్బు వెలగలేదు. తాళం తిప్పి రేడియో పెడితే వెలిగింది. నాలుగుసార్లు చూపించాడు.

"షార్టు గీర్టు ఏం లేదండి. ఎవరో రేడియో పెడుతున్నారు."

"ఈ కారు ఎవరూ ఎక్కరు సత్తిరాజూ."

"మరి సీటేంటండీ ఇంత ముందుకి జరిపి ఉంది? మీ నాన్నగారు ఆరడుగుల మనిషి కదా. మీరూ పొడుగే."

"తుడిచేటప్పుడు ఎవరో జరిపి ఉంటారు" అన్నాను.

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?"

"నాన్నగారితో పోయింది."

సత్తిరాజు షెడ్డులోంచి మూలగది తలుపు వైపు ఒకసారి చూశాడు. తరవాత ఏమీ అడగకుండా సామాను సర్దుకోవడం మొదలెట్టాడు. "బాగానే పనిచేస్తున్నదాన్ని ఏం బాగుచెయ్యమంటారండీ? మళ్లీ పసుపు రాయకండి, అంతే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి పిలిచి పని చెప్పిన మనిషిని వెర్రివాణ్ణి చేసినట్టు ఆ చూపేంటి? రేడియో తీగ, యాంటెన్నా తీగ రెండూ కోసెయ్యమన్నాను.

"నేను కొయ్యలేనండి" అన్నాడు. కటింగ్ ప్లయరు మాత్రం అడిగితే ఇచ్చాడు.

నేనే కోశాను. యాంటెన్నా ఇంకా జానెడు పైకే ఉంది. అది నన్నే చూస్తున్నట్టనిపించి రెండు చేతులతో కిందికి అదిమాను. లోపల టక్కుమంది.

"లోపలి నైలాను తాడు తెగిందండి" అన్నాడు సత్తిరాజు. "మోటారు తిరిగితే చుట్ట విప్పుకుని దాన్ని పైకి నెట్టేది ఆ తాడే. ఇంక తీగ అతికించినా లేవదు."

"లేవక్కర్లేదు" అన్నాను.

13, శుక్రవారం

లేవలేదు. ఇల్లు నిమ్మళంగా ఉంది. నేనే గెలిచాను. ఎవరి మీదో తెలియదు.

15, ఆదివారం

లేవలేదు. కారు స్టార్ట్ చెయ్యడానికి కూడా వెళ్లలేదు.

16, సోమవారం

అమ్మ నిన్నా ఇవాళా కంచం ముట్టలేదట. వాతావరణం మారింది కదా, గోదారి పొంగి నీళ్లు కూడా మారాయి. ఊళ్లో అందరికీ జీర్ణం కావట్లేదు.

18, బుధవారం

అమ్మ కాఫీ కూడా వద్దంటోంది. పిలిస్తే గోడ వైపు తిరిగి పడుకుంటోందని సత్య కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టరుగారిని తీసుకొచ్చాను. నాడి చూశారు, నాలుక చూశారు, కళ్లు చూశారు. గది బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ అడిగారు.

"ఆవిడతో ఎవరైనా మాట్లాడుతున్నారా?"

"మా అత్తయ్య రోజూ భాగవతం చదువుతుందండి."

"అది చదవడం. నేనడిగింది మాట్లాడటం."

ఒంట్లో రోగం లేదన్నారు. ఇలాగే తినకపోతే పదిహేను రోజులు కూడా బతకరన్నారు. ఎంత మామూలుగా అన్నారో! నేను వీధి గుమ్మం దాకా ఆయన సంచీ మోసుకెళ్లి ఇచ్చాను.

19, గురువారం

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

20, శుక్రవారం

నిన్న చూసింది రాయలేదు. రాయకపోతే చూడనట్టే అవుతుందనుకున్నాను. అవలేదు.

నిన్న మధ్యాహ్నం రెండింటికి కొట్టు నుంచి వచ్చాను. ఎందుకొచ్చానో నాకే తెలియదు. కాదు, తెలుసు. చెప్పులు వీధిలోనే విడిచి పెరటి దారిన షెడ్డు దాకా వెళ్లి, అరగోడ మీంచి చూశాను.

కార్లో అమ్మ ఉంది.

స్టీరింగు ముందు కూర్చుని ఉంది. నాన్నగారి చోటులో. తెల్లచీర, మెడ వంచుకుని. తినక చిక్కిపోయి ఆ సీట్లో పిల్లలా ఉంది. రేడియో మీటని తిప్పుతోంది. ఒకసారి, ఇంకోసారి. మళ్లీ తాళం తీసి, పెట్టి, మళ్లీ తిప్పుతోంది. ప్రతిసారీ వెనక్కి తిరిగి యాంటెన్నా లేచిందా అని చూస్తోంది. లేవలేదని చూసి మళ్లీ తిప్పుతోంది. ఎంత ఓపిగ్గా! విసుక్కోనైనా లేదు. నేను లెక్కపెట్టలేదు, చూడలేకపోయాను.

చివరికి తాళంచెవి తీసి మెడలో వేసుకుంది. నల్ల దారానికి కట్టి ఉంది. పదోనాడు మేమందరం కలిసి తాళి తీయించిన చోట.

దొంగకు తేలు కుట్టినట్టు అరగోడ వెనక నక్కి కూర్చున్నాను. దొంగ ఎవరు? తన ఇంట్లో తన కార్లో మధ్యాహ్నం పూట చెవి దగ్గర పెడితే గాని వినబడనంత మెల్లగా రెండు పాటలు విన్న మనిషా?

21, శనివారం

సత్యకి తెలుసు.

"నెలన్నర నుంచీ తెలుసండి. ఆ వేళకి మీ మేనత్తగారి కాళ్లు నేనే పడతాను. ఆవిడకి కునుకు పట్టాక నేను దగ్గితే మీ అమ్మగారు కార్లోకి వెళ్తారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేం చేసేవారు?"

కోసేవాణ్ణి. చెప్పకుండానే కోశాను. నా పక్కన పడుకున్న మనిషి నాకు భయపడి దగ్గు నేర్చుకుంది. ఈ ఇంట్లో దెయ్యం ఎవరో ఇప్పుడు తెలిసింది.

23, సోమవారం

మూలగది గుమ్మంలో కూర్చున్నాను. మే నెల తరవాత ఆ గుమ్మంలో కూర్చోవడం ఇదే మొదలు. అమ్మ గోడ వైపే తిరిగి ఉంది.

"అమ్మా, తీగ నేనే కోశాను."

"తెలుసు."

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. గుమ్మం పట్టుకుని ఏడ్చాను, సత్య చూస్తుండగానే. అమ్మ ఇటు తిరక్కుండానే అడిగింది.

"తీగేనా? లోపలి తాడు కూడా తెగిందా?"

"తాడు సంగతి నీకెలా తెలుసు?"

"మీ నాన్న ఒకసారి విప్పితే చుట్ట విడిపోకుండా నేనే పట్టుకున్నాను. మోటారు బాగానే ఉందా?"

"ఉందమ్మా. తాడే దొరకదు. జపానుది."

"మందంగా, చెయ్యి వదిలితే నిటారుగా నిలబడేది కావాలి. నరసాపురంలో పెద్ద చేపల గేలానికి కడతారే, అది చూడు."

ఇన్నేళ్లలో అమ్మ నాతో చారు గురించి, జ్వరం గురించి, పెళ్లిళ్ల గురించి మాట్లాడింది. మోటారు గురించి మాట్లాడగలదని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

రాత్రి మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిన్నదట.

25, బుధవారం

నరసాపురం. రేవు పక్కన వలల సామాన్లమ్మే అంగడిలో గేలం తాడు దొరికింది. నిలబెట్టి చూశాను, నిలబడింది. అంగడి ముసలాయన "ఏ చేపకి బాబూ?" అని అడిగాడు. పెద్దదానికే అన్నాను.

27, శుక్రవారం

సత్తిరాజు వచ్చాడు. వెనకటి సంగతి ఎత్తలేదు, మర్యాదస్థుడు. పక్కన కూర్చుని చెబుతూ పోయాడు, విప్పింది బిగించింది నేను. తాడు కొస గట్టిగా దిగాలని సూది కాల్చి పొడిచాం. కోసిన తీగలు టంకం పెట్టి అతికించాను. రెండు వేళ్లు కాలాయి. కాలనీ.

మొదటిసారి సగంలో ఆగింది. సత్తిరాజు "తాడు ఒక చుట్టు ఎక్కువైందండి" అన్నాడు. మళ్లీ విప్పి అంగుళం అంగుళం కోసుకుంటూ వచ్చాం. అయిదోసారికి చివర దాకా లేచింది.

అమ్మ అన్నం తింటోంది. రెండు పూటలా.

28, శనివారం

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు.

అత్తతో చెప్పాలని పొద్దున్నుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. గొడవ చేస్తుందని, ఊరు ఏమంటుందని శోకాలు పెడుతుందని సిద్ధపడే వెళ్లాను.

"అత్తా, రేపటితో అమ్మ మూల విడుస్తుంది. నువ్వేమన్నా సరే."

అత్త భాగవతం మూసి కళ్లజోడు తీసింది.

"నేనేమంటానురా? నేను మూడు నెలలు చాలనే అన్నాను. శ్రావణంలో విడిపిద్దామన్నాను కూడా. ఏడాదన్నది నువ్వు."

"నేనా?"

"పదకొండోనాడు నలుగురి మధ్యా అన్నావు. మా ఇంట్లో ఏ లోటూ జరగదు, ఏడాది కూర్చోబెడతానని. పెద్దవాళ్లు శెభాషన్నారు. ఇంటికి పెద్ద నువ్వయ్యావు, నీ మాటకి ఎదురు చెప్పడమెందుకని నేనూరుకున్నాను."

"అమ్మ సరేనంది కదా?"

"దాన్నెవరడిగారు?"

వెనక్కి తిప్పి ఆరో తారీకున రాసింది చదువుకున్నాను. అత్త పట్టుపట్టింది, అమ్మ సరేనంది. నా దస్తూరీయే. ఎవరూ చూడని ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను. అది అబద్ధమని రాసేటప్పుడు నాకు తెలియనే తెలియదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. ఆ నాలుగు శెభాష్‌ల కోసం అమ్మని గదిలో పెట్టింది నేను.

29, ఆదివారం

మధ్యాహ్నం రెండింటికి షెడ్డు తలుపులు బార్లా తెరిచాను. డ్రైవరు సీట్లో కూర్చున్నాను, మే నెల తరవాత మొదటిసారి. మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి, సీటు అంత ముందుకి ఉంది. జరపబుద్ధి కాలేదు. రేడియో పెట్టి, నాన్నగారు పెట్టినంత గట్టిగా పెంచాను. యాంటెన్నా జుయ్యిమని లేచింది, ఎక్కడా ఆగలేదు.

మూలగది తలుపు తెరుచుకుంది. అమ్మ గడప అవతలే నిలబడింది. ఎండకి కళ్లు మూసుకుపోతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా ఏడు నెలలుంది కదరా" అంది.

"లేదమ్మా. అయిపోయింది."

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను. తప్పంతా నాదే. రా అమ్మా."

అత్త వసారాలోంచి "రా శ్యామలా, వాడంత గట్టిగా పెట్టాడు, చెవులు పోతున్నాయి" అంది. సత్య అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. నేను వంగి ఎడమ పక్క తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆవిడ ఎప్పుడూ కూర్చునేది అటే.

అమ్మ అటు వెళ్లలేదు. చుట్టూ తిరిగి నా వైపు వచ్చి నిలబడింది.

"జరుగు" అంది.

అర్థం కాలేదు. మళ్లీ అంది. నేను పక్కకి జరిగాను. అమ్మ కూర్చుంది. సీటు సరిగ్గా సరిపోయింది. కాళ్లు పెడల్స్‌కి అందాయి. అప్పుడు గాని నాకు తలకెక్కలేదు, తుడిచేటప్పుడు ఎవరూ ఆ సీటు జరపలేదని.

"నీకు డ్రైవింగు వచ్చా?"

"నీ పెళ్లయిన ఏడు నేర్పారు మీ నాన్న. సిద్ధాంతం ఊళ్లో ఏటిగట్టు మీద. నువ్వు నవ్వుతావని చెప్పొద్దన్నాను."

నల్ల దారం మెడలోంచి తీసింది. నా తాళంచెవి బయటికి లాగి నా ఒళ్లో పడేసి, తనది పెట్టి తిప్పింది. పాట మళ్లీ వచ్చింది. మొదట రేడియో ఆపేసింది.

"ఎందుకమ్మా?"

"చూరు తగుల్తుంది. బయటికి తీసేటప్పుడు ఎప్పుడూ దింపాలి" అంది, వెనక్కి తిరిగి యాంటెన్నా పూర్తిగా దిగేదాకా చూస్తూ.

కారు ఒక్క కుదుపు కూడా లేకుండా షెడ్డులోంచి వెనక్కి వచ్చింది. సత్య దొడ్డి గేటు తీసింది. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, ఆ వేళ శెభాషన్న వాళ్లే ఇద్దరు. లేచి నిలబడ్డారు. నేను తల దించుకుందామనుకున్నాను. అమ్మ గేరు మార్చింది.

వీధిలోకి రాగానే రేడియో పెట్టింది.